బూడిద ఎక్కడ కడిగారు?

పోయిన ఎండాకాలం మా టీచర్లకు ఐదు రోజుల శిక్షణ పెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం బొమ్మల క్లాసు. చెప్పడానికి పట్నం నుంచి వచ్చినాయన తెర మీద వరసగా ఆరు బొమ్మలు చూపించారు. ఆరుగురూ ఆడపిల్లలే. ఒంటి నిండా నలుపు తెలుపు అడ్డచారలు. నెత్తిన కొమ్ముల్లాగా రెండు పిలకలు, వాటి కొసలకు మొక్కజొన్న పొట్టు. చారెడేసి కళ్లు, సన్నటి నడుము, ఎర్రటి పెదాలు. ఒకమ్మాయి పుచ్చకాయ ముక్క కొరుకుతూ కన్ను కొడుతోంది. ఇంకొకతె నెలవంక మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది.

"అమెరికాలో ప్యూబ్లో అనే ట్రైబల్స్ ఉన్నారు. వాళ్ల పవిత్ర విదూషకుల నుంచి స్ఫూర్తి తీసుకుని వేసిన బొమ్మలివి. ఎంత క్యూట్‌గా ఉన్నాయో చూడండి. మీరు కూడా మీ గుస్సాడిని ఇట్లా అమ్మాయిగా మార్చి వేయించండి. పిల్లలు ఇష్టపడతారు. నోటుబుక్కుల అట్టల మీద కూడా వేసుకోవచ్చు" అన్నారాయన. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

సాయంత్రానికల్లా పక్క మండలం టీచరమ్మ ఒక బొమ్మ వేసి తెచ్చింది. మా కోయితూర్ పిల్లే, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద బదులు మెరుపుల పౌడరు, పొట్టి గౌను, బుగ్గన సొట్ట. కింద 'గుస్సాడి పాప' అని రాసింది. "అక్కా, ఎట్లుంది?" అని అడిగింది. ఆ పిల్ల చెయ్యి చాలా మంచిది. గీత ఎక్కడా వణకలేదు. బాగుందనాలో వద్దనాలో తోచక "రేపు చెప్తా" అన్నాను. ఆ రేపు ఇన్నాళ్లకు వచ్చింది. ఆ బొమ్మను వాళ్ల బడి పిల్లల నోటుబుక్కుల మీద అచ్చు వేయించే ఆలోచన ఉందని ఈ మధ్య విన్నాను. అందుకే ఇంక ఆగకుండా నా జవాబు రాస్తున్నాను. ఇది ఆమెకు మాత్రమే రాస్తున్నది కూడా కాదు. బడిలో బొమ్మలు వేయించే టీచర్లందరికీ, ఫోన్లో బొమ్మలు చూసి వేసే మన పిల్లలందరికీ.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ ఆరు బొమ్మలు వేయకుండా ఉండాల్సింది. వాటిని మనకు నమూనాగా చూపించకుండా ఉండాల్సింది. మనం చప్పట్లు కొట్టకుండా ఉండాల్సింది. సరదాకి వేసిన బొమ్మల మీద ఇంత కోపమా అంటారేమో. నవ్వు సరదా సంగతి అనుకోవడం దగ్గరే తప్పు మొదలైందని నేనంటాను. నేను డీఎడ్ చదివినదాన్ని. మానవశాస్త్రం చదవలేదు. ప్యూబ్లోల గురించి అప్పటికి నాకు ఏమీ తెలియదు. ఆ శిక్షణ అయ్యాక దొరికిన పుస్తకాలు, వ్యాసాలు కూడబలుక్కుని చదివాను. చదివినకొద్దీ చప్పట్లు కొట్టిన చేతులను చూసి సిగ్గేసింది.

ప్యూబ్లో అన్నది వాళ్ల మాట కాదు. స్పానిష్‌లో ఆ మాటకు ఊరు అని అర్థం. మట్టితో, రాతితో మిద్దె మీద మిద్దె కట్టుకుని ఊళ్లుగా బతుకుతున్న ఆదివాసుల్ని చూసి స్పెయిన్ నుంచి దండెత్తి వచ్చినవాళ్లు పెట్టిన పేరు. మనల్ని గోండులని పైవాళ్లు పిలిచినట్టే. మనకు మనం కోయితూర్లం. ఇవాళ న్యూ మెక్సికో రాష్ట్రంలో 19 ప్యూబ్లోలు ఉన్నాయి. పక్కన అరిజోనాలో హోపీలు ఉన్నారు. కెరెస్, తీవా, తేవా, తోవా, జూనీ, హోపీ, ఇన్ని భాషలు వాళ్లవి. ఏ ఊరి పాలన ఆ ఊరిదే, ఏ ఊరి ఆచారం ఆ ఊరిదే. స్పెయిన్ వాళ్లు ఆ ఊళ్లకు క్రైస్తవ సెయింట్ల పేర్లు తగిలించారు. శాన్ హువాన్ అని కొన్ని వందల ఏళ్లు పిలిపించుకున్న ఊరు 2005లో ఓహ్‌కే ఓవింగే అనే తన సొంత పేరు తిరిగి పెట్టుకుంది. ఆ ఊరి మనిషే పోపే. 1680లో చాలా ప్యూబ్లో ఊళ్లను ఒక్కటి చేసి స్పెయిన్ వాళ్లను తరిమికొట్టిన తిరుగుబాటుకు నాయకుడు. మనకు కొమురం భీం ఎలాగో వాళ్లకు పోపే అలాగ.

వాళ్ల విదూషకులందర్నీ ఒకే మూటగా కట్టడం కూడా పొరపాటే. కెరెస్ మాట్లాడే ఊళ్లలో వాళ్లు కొషారేలు. తేవా ఊళ్లలో కొస్సాలు. జూనీలో కొయెమ్షిలు, నెవెక్వేలు. హోపీలకు వేరే ఉన్నారు. తెర మీద మనం చూసిన నలుపు తెలుపు చారలు, మొక్కజొన్న పొట్టు కొమ్ములు కొషారేల, కొస్సాల వేషం. కొయెమ్షిలకు చారలు ఉండవు. మట్టిరంగు ఒళ్లు, బుడిపెలు తేలిన మట్టిరంగు ముసుగు. విదూషకుడు అనే తెలుగు మాట కూడా వీళ్లకు సరిపోదు. నాటకంలో రాజు పక్కన ఉండి నవ్వించే మనిషి వీళ్లలో లేడు. జోకర్ అంటే ఇంకా దూరం. వేరే మాట లేక ఇక్కడ ఆ మాటే వాడుతున్నాను.

వాళ్లు ఏం చేస్తారు? నలుగురూ చూసే చోట జరిగేది మాత్రమే చెప్తాను. లోపల జరిగే కొలుపు గురించి కొందరు పైవాళ్లు పుస్తకాల్లో రాశారు. అది వాళ్ల ఇంటి మాట. ఆ ఇంటివాళ్లు చెప్పొద్దన్నది ఇక్కడ నేను చెప్పను.

చుట్టూ ఇళ్లు, మధ్యలో ఊరి మైదానం. డోలు మోగుతుంది. వాన కోసం, పంట కోసం ఆడామగా వరస కట్టి ఆడుతుంటారు. ఆ నాట్యంలోకి విదూషకులు దిగుతారు. కొన్ని ఊళ్లలో మిద్దెల మీద నుంచి వస్తారు. నిచ్చెన తలకిందులుగా దిగుతారు, పడతారు, ఒకణ్ణొకడు తోసుకుంటారు. పెట్టిందల్లా గబగబా మింగుతారు. చెప్పిందానికి తిరగేసి మాట్లాడతారు. ఎవరింట్లో ఏం జరిగిందో, ఎవడు పిసినారితనం చేశాడో, ఎవరు మాట తప్పారో అందరి ముందూ అభినయించి చూపిస్తారు. కెమెరా మెళ్లో వేసుకొచ్చిన టూరిస్టును, పాదిరిని, ఆఫీసరును అచ్చం అలాగే నడిచి చూపిస్తారు. మళ్లీ వాళ్లే, ఆడుతున్నవాళ్ల నడికట్టు వదులైతే దగ్గరికెళ్లి బిగించి కడతారు. హోపీలలో అయితే విదూషకులు బతకడం తెలియని మనుషుల్లాగా ఊళ్లోకి వస్తారు. చేయకూడనివన్నీ చేస్తారు. ఆఖరికి వాళ్లకు శిక్ష పడుతుంది, తర్వాత క్షమాపణ దొరుకుతుంది. చూస్తున్న ఊరంతా తన తప్పుల్ని వాళ్ల ఒంటి మీద చూసుకుంటుంది. వాళ్ల మీద ఎవరూ కోపం తెచ్చుకోరు. తెచ్చుకునే హక్కు లేదు. ఆ వేషంలో ఉన్నంతసేపూ వాళ్లు మామూలు మనుషులు కారు.

ఆదిలాబాద్ అడవి నుంచి ఈ వ్యాసం చదువుతున్నవాళ్లకు ఇప్పటికే ఒక పోలిక తట్టి ఉంటుంది. దీపావళికి ముందు దండారి మొదలవుతుంది. గుస్సాడి ఒంటికి బూడిద పూసుకుని, నెమలి ఈకల టోపీ పెట్టుకుని, చేతిలో కర్రతో ఊరూరూ తిరుగుతాడు. ఆటల మధ్య వెక్కిరిస్తాడు, బెదిరిస్తాడు, మీద పడతాడు. ఆడవేషం కట్టిన కుర్రాళ్లు, మన పోరిక్‌లు, పక్కనే ఆడతారు. గుస్సాడి మాటకు పటేలైనా పడాల్సిందే. ఆయనలోకి దేవుడు వచ్చాడని మన నమ్మకం. ఎక్కడి న్యూ మెక్సికో, ఎక్కడి ఉట్నూరు! అయినా దేవుణ్ణి నవ్వుతోపాటు ఊళ్లోకి పిలవడం ఇద్దరికీ తెలుసు. ప్యూబ్లోలకు, మనకు చుట్టరికం ఉందని నేననను. వాళ్ల నొప్పి మనకు త్వరగా అర్థమవుతుందని మాత్రం అంటాను.

ఇప్పుడు ఆ ఆరు బొమ్మల దగ్గరికి వద్దాం. కొషారే మైదానంలోకి దిగితే నవ్వేది ఎవరు, ఎవరిని చూసి? ఆయన మనల్ని చూసి నవ్వుతాడు. ఊరి గొప్పవాణ్ణి, బయటి నుంచి వచ్చిన అధికారిని, తిండిపోతును, అబద్ధాలకోరును చూసి నవ్వుతాడు. ఆయన ముందు మనం ఒదిగి నిలబడతాం. ఆ బొమ్మల్లో అమ్మాయిలు ఎవర్నీ చూసి నవ్వరు. మనం చూడ్డానికి నిలబడ్డారు. కళ్లు, పెదాలు, నడుము, అన్నీ మన చూపు కోసం దిద్దినవే. కొషారే మింగే పుచ్చకాయలో మనిషి తిండియావ మీద వెక్కిరింత ఉంది. ఆ అమ్మాయి చేతిలో అదే పుచ్చకాయ ముద్దొచ్చే అలంకారం అయిపోయింది. విదూషకుడి బలమంతా అందం లేకపోవడంలో ఉంది. పడిపోతాడు, దుమ్ము కొట్టుకుంటాడు, సిగ్గు విడిచేస్తాడు. అందుకే నిజం చెప్పగలడు. ఆయన్ని ముద్దుగా దిద్దితే మిగిలేది చారలు, కొమ్ములు.

ఆ నవ్వంటే పెద్దవాళ్లకు ఎంత భయమో చరిత్రలో ఉంది. 1921లో అమెరికా ప్రభుత్వంలో ఇండియన్ వ్యవహారాలు చూసే కమిషనర్ చార్లెస్ బర్క్ ఆదివాసుల నాట్యాలను అదుపు చేయమని 1665 నంబరు సర్క్యులర్ పంపాడు. 1923లో దానికి అనుబంధం వచ్చింది. మిషనరీలు చేసిన సిఫార్సులు అందులో ఉన్నాయి. నాట్యం నెలకు ఒక్కసారే, అదీ పగటిపూటే ఉండాలి. మార్చి, ఏప్రిల్, జూన్, జులై, ఆగస్టు నెలల్లో అసలు వద్దు. 50 ఏళ్ల లోపువాళ్లు ఆడకూడదు, చూడకూడదు. ఈ లెక్కన నలభైలలో ఉన్న నేను కూడా మా ఊరి ఆట చూడ్డానికి పనికిరాను. బడికెళ్లే పిల్లల సంగతి చెప్పేదేముంది. ముసలివాళ్లు పోయేసరికి ఆట కూడా పోతుందని వాళ్ల లెక్క. ఆ రోజుల్లో ప్యూబ్లో, హోపీ నాట్యాల మీద పోగు చేసిన ఫిర్యాదుల్లో విదూషకుల వేళాకోళం పెద్ద నేరం. అసభ్యం అన్నారు, అనాగరికం అన్నారు. పాదిరినీ ఆఫీసరునూ వెక్కిరించేవాళ్లను పాదిరీ ఆఫీసరూ మెచ్చుకుంటారా?

ప్యూబ్లోలు ఊరుకోలేదు. 1922లోనే తమ భూములు లాక్కునే బర్సమ్ బిల్లు మీద ఊళ్లన్నీ ఒక్కటై నిలబడ్డాయి. నాట్యాల మీద ఒత్తిడిని కూడా అలాగే ఎదిరించారు. 1934లో కొత్త కమిషనర్ జాన్ కాలియర్ ఆదివాసుల మత జీవితంలో జోక్యం వద్దని ఉత్తర్వు ఇచ్చాడు. ఆదివాసుల మత స్వేచ్ఛకు అక్కడ ప్రత్యేక చట్టం రావడానికి 1978 దాకా పట్టింది. అంటే అసభ్యమని నిన్నటిదాకా ఆపాలని చూసిన వేషమే ఇవాళ క్యూట్ అయింది. అప్పుడు ప్యూబ్లోలను ఎవరూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

అడగకుండా తీసుకుంటే ఏమవుతుందో మూడు సంగతులు చెప్తాను. టీచర్లు ముఖ్యంగా వినాలి.

మొదటిది. కొలరాడో రాష్ట్రంలో లా హుంటా అనే ఊళ్లో 1933లో తెల్ల పిల్లల స్కౌట్ దళం ఒకటి మొదలైంది. పేరు కొషారే ఇండియన్ డాన్సర్లు. పెద్దలు ఎంతో శ్రద్ధగా, ఎంతో గౌరవంతో పిల్లలకు ఆదివాసుల నాట్యాలు నేర్పించారు. 1950లలో జూనీల షాలకో వేషాలు అచ్చుగుద్దినట్టు తయారు చేసి ఆడబోయారు. జూనీ పెద్దలకు విషయం తెలిసి అభ్యంతరం చెప్పారు. వచ్చి చూశారు. ఆ ముసుగులు అంత నిజంగా ఉన్నాయి కాబట్టి వాటిని ఇక్కడ వదలడానికి లేదని తమ ఊరికి తీసుకెళ్లిపోయారు. మనకు అట్టముక్క, రంగు. వాళ్లకు ప్రాణం ఉన్నది. ఆ దళం నాట్యాలు మాత్రం ఆగలేదు. 2015లో హోపీలు మళ్లీ అభ్యంతరం చెప్పాక ఆ ఏడాది చలికాలపు ప్రదర్శనలు రద్దు చేసుకున్నారు. మొదలైన 80 ఏళ్ల తర్వాత!

రెండోది బొమ్మల సంగతే. 1992లో మార్వెల్ కంపెనీ ఒక కామిక్ పుస్తకంలో హోపీల కచీనాలను దుండగులుగా వేసింది. కచీనాలంటే హోపీలకు వాన తెచ్చే పూజనీయులు. హోపీలు నిరసన తెలిపారు. కంపెనీ ఆ సంచికను వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదే హోపీ ఊళ్లు చాలావరకు తమ కచీనా నాట్యాలకు బయటివాళ్లను రానివ్వడం మానేశాయి. వేసినవాడికి అది ఒక నెల పని. ఆ ఊళ్లకు తలుపు మూసుకోవాల్సిన అవసరం వచ్చింది. బొమ్మే కదా అనేవాళ్లు దీనికి ఏమంటారు?

మూడోది. 2013 ఏప్రిల్‌లో పారిస్‌లో హోపీల పవిత్ర ముసుగుల్ని వేలం వేశారు. హోపీలు వాటిని వస్తువులనరు, స్నేహితులంటారు. ఆపమని కోర్టుకు వెళ్లినా కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబరులో ఇంకో వేలం జరిగినప్పుడు అమెరికాలోని ఒక దాతృత్వ సంస్థ 24 పవిత్ర వస్తువుల్ని కొని, ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. తమ స్నేహితుల్ని తాము ఇంటికి తెచ్చుకోవడానికి ఎవరో డబ్బు కట్టాల్సి వచ్చింది.

ఇంక నాతో వాదించేవాళ్ల మాటలకు వస్తాను. ఈ మాటలన్నీ మన స్టాఫ్‌రూముల్లో వింటున్నవే.

కళకు ఎల్లలు లేవంటారు. వినడానికి బాగుంటుంది. ఎల్లలు లేనిది ఎప్పుడూ మన వైపేనని గమనించారా? మన చేను, మన అడవి, మన దేవుడు, వీటికి ఎల్లలు ఉండవు. వాళ్ల కంపెనీ గుర్తు మనం వాడితే కేసు పెడతారు. జియా ప్యూబ్లో వాళ్ల సూర్యుడి గుర్తు 1925 నుంచి న్యూ మెక్సికో రాష్ట్ర జెండా మీద ఉంది. ఆ ఊరి అనుమతి ఎవరూ తీసుకోలేదు. అయితే 2000లో సౌత్‌వెస్ట్ విమాన సంస్థ తన విమానం మీద ఆ గుర్తు వేసుకోవాలనుకున్నప్పుడు జియా వాళ్లను అడిగింది. వాళ్లు సరే అన్నారు. సంస్థ ఆ ఊరికి విరాళం ఇచ్చింది. విమానం నడిపేవాళ్లకు వీలైన పని బొమ్మలు వేసేవాళ్లకు ఎందుకు వీలుకాదు?

వాళ్లే అమ్ముకుంటున్నారు కదా అంటారు. నిజమే. కొషారే బొమ్మలు సాంటాఫే బజార్లో దొరుకుతాయి. శాన్ ఇల్డెఫాన్సో ఊరి ఆవా త్సిరే 1920లలోనే ఇంద్రధనుస్సు ఎక్కి ఆడుకుంటున్న కొషారేలను నీటిరంగుల్లో వేశాడు. కొచిటి ఊరి కుమ్మరులు 19వ శతాబ్దం చివర్లోనే పాదిరులను, వ్యాపారులను, సర్కస్ వాళ్లను వెక్కిరిస్తూ మట్టిబొమ్మలు చేసి ఆ పైవాళ్లకే అమ్మారు. ఎంత చూపించాలో, ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. గీత దాటితే మర్నాడు ఊళ్లో నలుగురి మొహం చూడాలి. నా ఇంటి కుండ నేను అమ్ముకుంటే వ్యాపారం. నువ్వు వచ్చి నా దేవుడి గుడిలో కుండ ఎత్తుకుపోయి, 'నువ్వూ కుండలు అమ్ముతావు కదా' అంటే దాన్ని ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

గౌరవంతోనే వేశాం అంటారు. స్కౌట్ పిల్లలకు నేర్పిన పెద్దలకు కూడా గౌరవమే. జూనీలను అడగాలని మాత్రం తోచలేదు. ఎదుటివాడు వద్దన్నా మానకుండా ఇచ్చే గౌరవం ఎవరికి కావాలి?

ఆఖరిది కాస్త బరువైన వాదన. విదూషకులు ఎక్కువగా మగవాళ్లే కాబట్టి అమ్మాయిల్ని విదూషకులుగా వేస్తే ఆడవాళ్లకు చోటు దొరికినట్టే కదా అంటారు. నేనూ ఆడదాన్ని. మా ఊళ్లో ఏ పనిలో ఆడవాళ్లకు చోటు లేదో నాకు తెలుసు. అందుకే ఈ మాటకు కోపం తెచ్చుకోకుండా జవాబు వెతికాను. జవాబు ప్యూబ్లో ఆడవాళ్ల దగ్గరే ఉంది.

అక్కడ కుండలు ఆడవాళ్ల పని, బొమ్మలు గీయడం మగవాళ్ల పని అనేవారు. శాన్ ఇల్డెఫాన్సోలో 1893లో పుట్టి కొచిటిలో బతికిన టోనీటా పెన్యా ఆ మాట వినలేదు. నీటిరంగుల్లో తన ఊరి జీవితం, నాట్యాలు వేసింది. 1932లో సాంటాఫే ఇండియన్ స్కూల్లో డొరతీ డన్ అనే టీచరు బొమ్మల తరగతి పెట్టింది. సాంటా క్లారా ప్యూబ్లో పిల్ల పబ్లీటా వెలార్డె అక్కడ మొదట చేరిన ఆడపిల్లల్లో ఒకతె. మగపిల్లల మాటలు పడింది, మానలేదు. పెద్ద చిత్రకారిణి అయింది. 1964లో కొచిటిలో హెలెన్ కోర్డెరో ఒళ్లంతా పిల్లలు ఎక్కి కూర్చున్న కథలు చెప్పే తాత బొమ్మ చేసింది. ఆ తాత ఆమె సొంత తాతే. ఇవాళ ఆ బొమ్మలు ఎన్నో ప్యూబ్లోల్లో చేస్తున్నారు.

విదూషకుల సంగతికే వద్దాం. సాంటా క్లారాలో రోక్సాన్ స్వెంట్‌జెల్ అనే శిల్పి ఉంది. 1988లో ఆమె నేలలోంచి పైకి వస్తున్న నలుగురు చారల విదూషకుల్ని మట్టితో చేసింది. అదే ఊరి నోరా నరాంహో-మోర్స్ మట్టితో పర్లీన్ అనే ఆడమనిషిని పుట్టించింది. పర్లీన్ అల్లరిది. అణిగి ఉండడం తెలియదు. ఒక బొమ్మలో బంధువులకు పేకాట నేర్పుతూ కూర్చుంటుంది. 1992లో వచ్చిన ఆమె కవితల పుస్తకంలోనూ పర్లీన్ ఉంది. విదూషకుల వెక్కిరింత నుంచి పుట్టిన ఆడ పాత్ర కావాలంటే ఇదిగో, ఆ ఊరి ఆడదే చేసి పెట్టింది. ఆ పర్లీన్ ఎవరి చూపు కోసమూ నిలబడలేదు. ఆడవాళ్లకు చోటు ఇస్తున్నాం అంటూ ఎక్కడి నుంచో వచ్చి ముద్దుబొమ్మలు వేసేవాళ్లు ఈ ఆడవాళ్ల పేర్లు ఒక్కసారైనా చెప్పారా? మా శిక్షణలో ఆ తెర మీద ఈ ఐదుగురిలో ఒక్కరి పేరూ పడలేదు.

ఇప్పటిదాకా ఇతరుల్ని అన్నాను. ఇక నా తప్పు చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు.

పదేళ్ల పైమాట. మా బడికి ఒక పెద్దాఫీసరు వస్తున్నారని కబురు వచ్చింది. స్వాగతానికి ఏదైనా మన సంస్కృతి చూపించమన్నారు. నాలుగో తరగతి మగపిల్లలు ఎనిమిది మందికి రంగు కాగితాలతో నెమలి టోపీలు చేశాను. వంటింటి పొయ్యిలో బూడిద తెచ్చి ఒంటికి పూశాను. నడుముకు గోనెసంచి ముక్కలు కట్టాను. పిల్లలు ఎగిరారు. ఆఫీసరు ఫోటోలు దిగారు. అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం బడి గేటు దగ్గర మా ఊరి ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎన్నో ఏళ్లు గుస్సాడి కట్టిన మనిషి. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "బిడ్డా, ఆ పిల్లల బూడిద ఎక్కడ కడిగారు?" అని అడిగాడు. "బోరింగు దగ్గర, తాతా" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్న నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. గుస్సాడి కట్టిన మనిషి దండారి అన్ని రోజులూ స్నానం చేయడు. ఆ బూడిద ఒంటి మీద ఉన్నంతకాలం నియమం ఉంది. కోలబోడి నాడు పూజ చేసి దింపుకుంటేనే ఆయన మళ్లీ మామూలు మనిషి. ఊరిని వెక్కిరించే హక్కు ఆయనకు ఆ నియమం వల్లే వచ్చింది. నేను హక్కూ ఇవ్వలేదు, నియమమూ ఇవ్వలేదు. వేషం మాత్రం తగిలించాను. పైగా ఎవరిని చూసి నవ్వాల్సిన గుస్సాడిని ఎవరి ముందు ఎగిరించాను? నిజమైన గుస్సాడి అయితే ఆ ఆఫీసరు మెళ్లో కర్ర వేసి, మా ఊరి రోడ్డు ఏమైందని అడిగి ఉండేవాడు. నా చిన్న గుస్సాడీలు ఆయనకు పూలదండ వేశారు.

మర్లవాయి కనకరాజు గారికి 2021లో గుస్సాడి కళకు పద్మశ్రీ వచ్చినప్పుడు మనమందరం పొంగిపోయాం. పొంగాల్సిందే. అయితే ఆ తర్వాత సభల్లో, ఊరేగింపుల్లో, రిబ్బన్ కటింగుల్లో గుస్సాడి వేషం ఎంత చవకైపోయిందో కూడా చూస్తున్నాం. చూసి బాధపడతాం, వ్యాసాలు రాస్తాం. అదే మనం వేరే ఆదివాసుల కొషారేను చూపిస్తే చప్పట్లు కొడతాం. మన దేవుణ్ణి ముట్టుకుంటే తప్పు, వాళ్ల దేవుణ్ణి ముట్టుకుంటే కళ అయితే మన మాటకు విలువేం ఉంటుంది?

మరేం చేయాలి? బొమ్మలు మానమనడం లేదు. నేను చేస్తున్నవి, చేయాలనుకుంటున్నవి చెప్తాను.

ప్యూబ్లోల గురించి పిల్లలకు చెప్పాలంటే ప్యూబ్లోలు చేసినవే చూపించండి. టోనీటా పెన్యా, పబ్లీటా వెలార్డె, హెలెన్ కోర్డెరో, రోక్సాన్ స్వెంట్‌జెల్, నోరా నరాంహో-మోర్స్, ఈ పేర్లు బోర్డు మీద రాయండి. ఏ ఊరివాళ్లో చెప్పండి. 1680 గురించి చెప్పండి. ఆ చారలు, కొమ్ములు మాత్రం పిల్లల చేత వేయించకండి.

గుస్సాడిని వేయాలంటే ముందు ఊళ్లోకి వెళ్లండి. పటేల్‌ను, దేవారిని, గుస్సాడి కట్టేవాళ్లను అడగండి. ఏది వేయొచ్చో, ఏది వేయకూడదో వాళ్లు చెప్తారు. వద్దంటే మానండి. టీచరు అడిగి, వద్దంటే మానిందని పిల్లలు చూస్తే అంతకన్నా పెద్ద పాఠం ఏ పుస్తకంలోనూ ఉండదు.

నవ్వించే ఆడ పాత్రలు కావాలా? మనకు కరువా? పెళ్లిలో వియ్యాలవారిని పాటలతో ఉతికి ఆరేసే ఆడవాళ్లు లేరా? ఫారెస్టు గార్డు నడకను అచ్చం నడిచి చూపించి కలుపు తీసేవాళ్లందరినీ నవ్వించే ముసలమ్మ ప్రతి గూడెంలో ఒకతె ఉంటుంది. మా నాయనమ్మ సంతలో తూకం మోసం చేసే సేటు గొంతుతో మాట్లాడితే మేం అన్నం తినలేకపోయేవాళ్లం, అంత నవ్వు. ఆమెకు పెద్ద కళ్లు లేవు, సన్న నడుము లేదు. ముందు పళ్లు రెండు లేవు. ఆమెను ఇంతవరకూ ఎవరూ బొమ్మ వేయలేదు. మన ఆడపిల్లలకు ఆ ముసలమ్మల్ని వేయమని చెప్పండి. ఆ ముసలమ్మల ముందే కూర్చుని వేయమనండి. బొమ్మ బాగాలేకపోతే వాళ్లే చెప్తారు, మొహమాటపడరు.

చెల్లే, నువ్వు ఎట్లుందని అడిగావు. నీ చెయ్యి బాగుంది. బొమ్మ బాగాలేదు. నోటుబుక్కుల మీద వేయించకు. నా మాట మీద మానమని కూడా అనను. ఈ దీపావళికి దండారి మా ఊరు వస్తుంది. ఆ రోజు నువ్వూ రా, ఆ బొమ్మ తీసుకుని రా. గుస్సాడి ముందు పెట్టు. ఆయన ఏమంటాడో ఇద్దరం విందాం. ఆ కాగితపు టోపీల సంగతి నేనూ ఆ రోజే ఆయన ముందు ఒప్పుకుంటాను. ఊరందరి ముందూ మనిద్దర్నీ వెక్కిరిస్తాడు. పడదాం.